నలభై నాలుగు కిలోలు

పుస్తకాలు కాసేపు మూసేయండి.
ఈ గుల్ల చూడండి,
కళింగపట్నం ఒడ్డున పొద్దున్నే ఏరుకొచ్చాను.
లోపలి ప్రాణి ఎప్పుడో పోయింది,
అది కట్టుకున్న ఇల్లు మిగిలింది.
కాల్షియం, కార్బను, ఆక్సిజను,
ఉన్నవి మూడు పేర్లే.
ఆ మూడూ ఎంత గట్టిగా పట్టుకున్నాయో
కావాలంటే గోటితో గీరి చూడండి.

మా అయ్య తవిటయ్య బట్టీలో
ఒక వరస బొగ్గు, ఒక వరస గుల్ల,
మళ్లీ బొగ్గు, మళ్లీ గుల్ల పేర్చి
కింద నిప్పు పెట్టి
రాత్రంతా గాలి పంకా తిప్పేవాడు.
తెల్లారేసరికి గుల్ల గుల్లలాగే ఉండేది,
అదే మెలిక, అవే గీతలు.
చేత్తో ఎత్తితేనే తెలిసేది తేడా.
"లోపల్నించి ఏదో లెగిసి ఎలిపోనాదే గుంటా" అనేవాడు.
ఆ ఏదో పేరు ఆయనకి తెలీదు.

కొత్తగా వచ్చిన గుమస్తా విశ్వనాథం
కాటా దగ్గర కళ్లజోడు సర్దుకున్నాడు.
నూరు కిలోల గుల్ల తూచి ఇచ్చాం,
యాభై ఆరు కిలోల సున్నం తెచ్చావు,
తక్కింది ఏ సంతలో అమ్ముకున్నావ్?
మా అయ్య చేతులు చూపించాడు.
సున్నం తినేసిన చేతులు,
వేలిముద్రకి గీతలు కూడా మిగలని చేతులు.
అవి సాక్ష్యానికి చాల్లేదు.
ఆ వారం మా ఇంట్లో గంజి పలచన.

నాకప్పుడు పదో తరగతి.
కూర్మారావు మాస్టారు బోర్డు మీద బాణం గీశారు.
ఎడమన క్రియాజనకాలు, కుడిన క్రియాజన్యాలు,
బాణం నెత్తిన చిన్న త్రిభుజం, అది వేడి.
"ఈ బాణం దాటేటప్పుడు
ఒక్క పరమాణువూ చావదు, ఒక్కటీ కొత్తగా పుట్టదు.
పట్టుకున్న చేతులు వదిలి
వేరే చేతులు పట్టుకుంటాయి, అంతే.
ఎడమన ఎన్ని తలకాయలో కుడిన అన్నే."
అని, కింద అంకెలు వేశారు.
నూరు.
యాభై ఆరు.
ప్లస్సు గుర్తు.
నలభై నాలుగు,
దాని పక్కన ఆకాశం వైపు చూసే బుల్లి బాణం.

బెల్లు కొట్టకముందే బయటికి పరిగెత్తాను.
మీరెవరూ అలా చెయ్యకండి.

గుమస్తా ముందు కాగితం పెట్టాను.
చదవలేదు. "గాలికి బరువేమిటి పిల్లా" అని నవ్వాడు.
అప్పుడు ఎన్నడూ నోరెత్తని మా అయ్య
బట్టీ సున్నం పిడికెడు డిప్పలో వేసి
చెంబుతో నీళ్లు పోశాడు.
బుస్సుమంది. నెర్రెలిచ్చింది. పొంగింది.
కింద మంట లేకుండా నీళ్లు మరిగాయి.
"సూడు బాబూ, కడుపు కాలీ అయినోడే
ఇలగ ఆవురావురుమంటాడు.
నిండుగున్నది నీలు పోస్తే ఊరుకుంతాది."
అంటూ పక్కనే కాల్చని గుల్ల మీద పోశాడు.
అది తడిసింది, అంతే.

మర్నాడు సున్నపు తేట సీసాలో పట్టుకెళ్లి
బొప్పాయి కాడ అతని చేతికిచ్చి ఊదమన్నాను.
నాలుగు ఊపిర్లు.
తేట నీరు పాలయింది.
"బట్టీలోంచి పోయిన గాలే
మీ నోట్లోంచీ వస్తోంది సార్.
అడుక్కి దిగుతున్న ఆ పొడి మళ్లీ గుల్లే."
చాలాసేపు సీసా వెలుతురుకి పెట్టి చూశాడు.
కోసిన కూలి తిరిగివ్వలేదు.
కాటా దగ్గర మాత్రం మళ్లీ ఆ మాట అనలేదు.

ఇప్పుడు మీ వీపులకి అంటిన తెలుపు,
ఈ గోడ సున్నం,
ఆరుతూ ఆరుతూ గాలి లోంచి
తన వాటా తాను తెచ్చుకుంది.
మా అయ్య బట్టీ వదిలిన గాలి
ఇందులో పిసరంత ఉందో లేదో
ఏ లెక్కా చెప్పదు. నేనూ చెప్పను.

సరే, సమీకరణం రాసుకోండి.
రెండు పక్కలా తలకాయలు లెక్కపెట్టండి.
నీళ్లు పోసేది నేను,
మీరు మొహాలు దూరంగా పెట్టుకోండి.
మా అయ్య ఎడమ కంట్లో పువ్వేసింది ఇలాగే.
హేమసుందర్,
ఆ చెంబు ఇలా తే.